హెచ్చరికకు, మంచు తుఫానుకు మధ్య

తుఫాను అనగానే మనకు సముద్రం జ్ఞాపకం వస్తుంది. కార్తికమాసంలో బంగాళాఖాతం మీద వాయుగుండం పుట్టినదన్న వార్త వినగానే కోస్తా జిల్లాల రైతు కోసిన పనల వైపు చూస్తాడు. మత్స్యకారుడు ఒడ్డున ఉన్న పడవ వైపు చూస్తాడు. కాని సముద్రానికి వేయి మైళ్ళ దూరంలో, చదునైన నేల మీద, మనిషిని తన వాకిట్లోనే దారి తప్పించి చంపగల తుఫాను మరొకటి ఉన్నది. ఉత్తర అమెరికా ఖండంలో శీతకాలంలో వీచే ఆ మంచు తుఫానును అక్కడివారు బ్లిజర్డ్ అంటారు. గంటకు 35 మైళ్ళకు తక్కువ కాని వేగంతో గాలి వీచి, ఎగిరే మంచు వల్ల పావు మైలు దూరంలోని వస్తువు సైతం కనిపించని స్థితి 3 గంటలపాటు కొనసాగితే దానికి ఆ పేరు చెల్లుతుందని అక్కడి వాతావరణ శాఖ నిర్ణయం.

ఇది పరదేశపు ముచ్చట అని మనం ఊరకుండే రోజులు కావు ఇవి. చదువులకో, ఉద్యోగాలకో ఆ దేశం వెళ్ళిన బిడ్డలు మన ఊళ్ళలో అనేక కుటుంబాలకు ఉన్నారు. పుష్యమాసం వచ్చినదంటే, “అక్కడ మంచు ఎట్లా ఉన్నది నాయనా?” అని తల్లులు ఫోనులో అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న వెనుక ఒక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను పరిశీలిస్తే తోచే విషయం ఒక్కటే. ప్రాణాలు పోవడానికి చలి తీవ్రత ఎంత కారణమో, తుఫానుకు ముందు మనిషి చేతిలో ఉన్న కొద్ది గంటలు వృథా కావడం కూడ అంత కారణం.

1888వ సంవత్సరం జనవరి 12వ తేదీ. డకోటా, నెబ్రాస్కా, మిన్నెసోటా మైదానాలలో అంతకుముందు కొన్నాళ్ళు ఎముకలు కొరికే చలి. ఆనాటి ఉదయం మాత్రం ఎండ కాచి, గాలి మెత్తబడినది. నార్వే నుండి, జర్మనీ నుండి, ఇతర దేశాల నుండి వచ్చి, ఆ చెట్టులేని బయళ్ళలో గడ్డిమట్టి పెళ్ళలతో ఇండ్లు కట్టుకొని కాపురముంటున్న రైతులు పశువులను మేతకు విడిచినారు. పిల్లలు బరువైన కోట్లను ఇంటనే వదలి బడికి వెళ్ళినారు. కొన్ని గంటలలో వాయవ్య దిక్కు నుండి ఒక బూడిదరంగు గోడ కదలి వచ్చినట్లు తుఫాను వచ్చి పడినది. ఆ మంచు దూదిపింజల వంటిది కాదు. గోధుమపిండి వలె మెత్తనిది. అది కండ్లను, ముక్కును, బట్టల సందులను నింపివేసినది. చాచిన చేయి కంటికి కనిపించలేదు. రాత్రికి చాల చోట్ల ఉష్ణోగ్రత ఫారన్‌హీటు మానంలో సున్నకు 20 డిగ్రీలు దిగువకు పడిపోయినది. ఆ ఒక్క తుఫానులో సుమారు 235 మంది మరణించినారని అంచనా. వారిలో బడి నుండి ఇంటికి బయలుదేరిన పిల్లలు ఎందరో ఉన్నందున దానికి ‘పిల్లల తుఫాను’ అనే పేరు మిగిలిపోయినది.

ఆనాటి ఇద్దరు ఉపాధ్యాయినుల కథలు పక్కపక్కన పెట్టి చూడదగినవి. నెబ్రాస్కాలోని మిరా వ్యాలీ అనే చోట మిన్నీ ఫ్రీమన్ అనే యువతి బడి నడుపుతున్నది. గాలికి బడి పైకప్పు లేచిపోయినది. ఇక అక్కడ ఉండటానికి వీలులేక ఆమె పిల్లలందరినీ ఒక్కచోట చేర్చి, సమీపంలోని రైతు ఇంటికి నడిపించుకొని వెళ్ళినది. పిల్లలను ఒకే తాడుకు కట్టి నడిపించినదని ప్రజలు చెప్పుకొన్నారు. తాడు మాట ఎట్లున్నా, పిల్లలందరూ బ్రతికినారు. అదే రాష్ట్రంలో ప్లెయిన్‌వ్యూ వద్ద లోయిస్ రాయిస్ అనే మరొక ఉపాధ్యాయిని బడిలో పొయ్యికి కట్టెలు అయిపోయినవి. ఆమె బస కూతవేటు దూరంలోనే ఉన్నది. ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరినది. ఆ కొద్ది దూరంలోనే దారి తప్పినది. తెల్లవారేసరికి ఆ ముగ్గురు పిల్లలూ ఆమె పక్కనే చలికి ప్రాణాలు విడిచినారు. ఆమె తన పాదాలు కోల్పోయినది.

ధైర్యంలో ఈ ఇద్దరిలో ఎవరూ తక్కువవారు కారు. ఒకరికి అదృష్టం తోడుపడినది; ఒకరికి తోడుపడలేదు. అయితే రెండవ కథలో మనం నిలిచి ఆలోచించవలసిన విషయం ఉన్నది. ఆ బడిలో రాత్రికి సరిపడే కట్టెలు ఉన్నట్లయితే, ఆమె తలుపు తీయవలసిన అవసరమే వచ్చేది కాదు. ముందు జాగ్రత్త అనే మాటకు అర్థం ఆ నాలుగు కట్టెలే.

మరి వారికి హెచ్చరిక అందలేదా? ఆ రోజులలో వాతావరణ సూచనల బాధ్యత సైన్యానికి చెందిన సిగ్నల్ సర్వీసుది. సెయింట్ పాల్ నగరంలో లెఫ్టినెంట్ థామస్ వుడ్రఫ్ అనే అధికారి ఆ మైదానాలకు సూచనలు సిద్ధపరచి తంతి ద్వారా పంపేవాడు. చలిగాలి వస్తున్నదనడానికి గుర్తుగా, నడుమ నల్లని చదరం ఉన్న తెల్లని జెండాను పట్టణాలలో ఎగురవేసేవారు. తంతి స్తంభాలున్న ఊరి వరకే ఆ వార్త వెళ్ళేది. అక్కడికి పది మైళ్ళ అవతల, బయలు నడుమ ఉన్న బడికి ఆ జెండా ఎట్లా కనిపిస్తుంది? హెచ్చరిక లేకపోవడం కంటె, అది అందవలసిన వానికి అందకపోవడమే ఆనాటి లోపం.

అది జరిగిన రెండు నెలలకే, అదే సంవత్సరం మార్చి 11వ తేదీన, తూర్పు తీరం వంతు వచ్చినది. ఆదివారం నాడు న్యూయార్కులో వాన కురుస్తున్నది. వాన వెలిసి, వాతావరణం కుదుటపడుతుందని సూచన. అర్ధరాత్రి దాటిన తరువాత ఆ వాన మంచుగా మారినది. నగరంలో 21 అంగుళాల మంచు పడినది. గాలికి అది ఇండ్ల ముందు గుట్టలుగా పేరుకొన్నది. సోమవారం ఉదయం వేలాదిమంది, పని మానితే జీతం పోతుందన్న భయంతో, ఆ మంచులోనే బయలుదేరినారు. స్తంభాల మీది రైళ్ళు మధ్యదారిలో నిలిచిపోయి జనం వాటిలో చిక్కుకొన్నారు. మాజీ సెనేటరు రాస్కో కాంక్లింగ్ వాల్ స్ట్రీటు ప్రాంతంలోని తన కార్యాలయం నుండి దాదాపు మూడు మైళ్ళు ఆ తుఫానులో నడచి, ఆ శ్రమ వల్ల జబ్బుపడి ఏప్రిల్ 18న మరణించినాడు. మొత్తం మృతులు 400కు పైమాట. అందులో సుమారు 200 మంది న్యూయార్కు నగరంలోనివారే.

ఆ కష్టం నుండి కొంత మేలు పుట్టినది. తీగలను భూమి క్రిందికి దించవలెనన్న పట్టుదల పెరిగినది. భూగర్భ రైలుమార్గాల ప్రతిపాదనలకు బలం చేకూరినది. బోస్టనులో 1897లోను, న్యూయార్కులో 1904లోను అవి ప్రారంభమైనవి. వాతావరణ శాఖను సైన్యం చేతి నుండి తప్పించి వ్యవసాయ శాఖకు అప్పగిస్తూ 1890లో చట్టం చేసినారు. తరువాత రేడియో వచ్చినది. తంతి స్తంభం లేని పల్లెకు సైతం మాట చేరగలదన్న ధీమా కలిగినది.

ఆ ధీమాకు 1940వ సంవత్సరం నవంబరు 11వ తేదీ పరీక్ష పెట్టినది. మొదటి ప్రపంచయుద్ధ విరమణకు స్మారకంగా అది సెలవుదినం. ఉదయం వెచ్చగా ఉన్నది. మిస్సిసిపీ నది ఎగువ భాగంలో బాతుల వేటకు వందలాదిమంది తేలిక దుస్తులతో చిన్న పడవలలో ద్వీపాలకు చేరినారు. చలి పెరుగుతుందన్న సూచన ఉన్నది గాని, రాబోయేది ఎంతటిదో ఎవరూ చెప్పలేదు. కొన్ని గంటలలో ఉష్ణోగ్రత దాదాపు 50 డిగ్రీలు పడిపోయినది. వాన, వడగండ్లు, మంచు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. సుమారు 150 మంది చనిపోయినారు. మరునాడు మాక్స్ కాన్రాడ్ అనే వైమానికుడు వినోనా పట్టణం నుండి చిన్న విమానంలో పోయి, ద్వీపాలలో బ్రతికి ఉన్నవారిని వెదకి, ఆహారం, అగ్గిపెట్టెలు ఉన్న డబ్బాలు జారవిడిచినాడు. అప్పటివరకు మిన్నెసోటాకు సూచనలు షికాగో నుండి వచ్చేవి. ఈ దుర్ఘటన తరువాత ఆ ప్రాంతపు కార్యాలయానికే సూచనలు ఇచ్చే అధికారం కలిగినది. రాత్రింబవళ్ళు ఆకాశాన్ని కనిపెట్టి ఉండే ఏర్పాటు జరిగినది.

ఇక లోపమేమున్నది అనుకొంటాము. కాని 1978వ సంవత్సరం ఫిబ్రవరి 6వ తేదీ మరొక పాఠం చెప్పినది. బోస్టను ప్రాంతానికి పెద్ద తుఫాను రానున్నదని సూచన ముందే వెలువడినది. అది రేడియోలో, టెలివిజనులో అందరికీ చేరినది కూడ. అయితే చెప్పిన వేళకు మంచు మొదలు కాలేదు. సోమవారం ఉదయం ఆకాశం చూసి, “వీరి మాట ఎప్పుడు నిజమైనది గనుక!” అని జనం పనులకు వెళ్ళినారు. కొద్ది గంటలు ఆలస్యంగా వచ్చిన తుఫాను వారిని సాయంత్రం ఇంటిదారిలో పట్టుకొన్నది. 128వ నంబరు రహదారి మీద 3,000కు పైగా కార్లు కూరుకొనిపోయినవి. ఆ కార్లలో కొందరు వెచ్చదనం కొరకు ఇంజను నడుపుతూ కూర్చున్నారు. పొగగొట్టం మంచుతో మూసుకొనిపోగా, రంగు వాసన లేని కార్బన్ మోనాక్సైడు వాయువు లోపల నిండి 14 మంది కూర్చున్నవారు కూర్చున్నట్లే మరణించినారు. బోస్టనులో 27 అంగుళాల మంచు పడినది.

ఇంత చరిత్ర నుండి ఆ దేశస్థులు కూర్చుకొన్న జాగ్రత్తలు చాల సామాన్యమైనవి. మైదానపు రైతు శీతకాలం రాకముందే ఇంటి తలుపు నుండి పశువుల కొట్టం వరకు తాడు కట్టేవాడు. తుఫానులో దానిని పట్టుకొని పోయి, దానిని పట్టుకొనే తిరిగి వచ్చేవాడు. నేటి గృహస్థు కొన్నాళ్ళకు సరిపడే ఆహారం, నీరు, మందులు, కంబళ్ళు, బ్యాటరీతో పనిచేసే రేడియో, టార్చిలైటు సిద్ధంగా ఉంచుకొంటాడు. ఒకే మందపు కోటు కంటె పొరలు పొరలుగా తొడిగిన వదులు దుస్తులు మేలు. పొరల నడుమ నిలిచిన గాలి వేడిని కాపాడుతుంది. దారిలో కారు చిక్కుకొంటే దానిని విడిచి నడవరాదు. గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజను నడపాలి. అంతకుముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి. ఒక కిటికీని కొద్దిగా తెరిచి ఉంచాలి. శరీరపు వేడి 95 డిగ్రీలకు దిగువైతే బుద్ధి మందగిస్తుంది. తాను ఆపదలో ఉన్నానన్న సంగతి ఆ మనిషికే తెలియదు. అందువల్ల తోడున్నవారు ఒకరినొకరు కనిపెట్టి ఉండాలి.

ఇన్ని తెలిసినా 2021వ సంవత్సరం ఫిబ్రవరిలో, చలికి అలవాటు లేని టెక్సాసు రాష్ట్రంలో విద్యుత్తు పోయి లక్షలాది ఇండ్లు చీకటిలో గడ్డకట్టినప్పుడు, బొగ్గుల కుంపట్లు ఇంటిలో వెలిగించి, గరాజులో కారు నడిపి, అదే విషవాయువుకు బలియైనవారు ఉన్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ తుఫానులో 246 మంది మరణించినారు. మన తెలుగువారు వేలాదిగా కాపురముంటున్న రాష్ట్రమది. కుంపటిని గాని, జనరేటరును గాని ఇంటి లోపల పెట్టరాదన్న ఒక్క మాట ఇక్కడి నుండి తల్లి ఫోనులో చెప్పినా అది వృథా పోదు.

మన చరిత్ర కూడ దీనికి భిన్నమైనది కాదు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది కొట్టుకొనిపోయినారు. అదే సంవత్సరం అక్టోబరులో కలకత్తాను తాకిన తుఫాను, ఆ తరువాత వచ్చిన కరవులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీసినవి. అయినప్పటికీ 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. పేరు మంచైనా, ఉప్పెనైనా, ఆకాశవార్తకు, మనిషి నిర్ణయానికి మధ్య దూరం ఒక్కటే.

తుఫాను హెచ్చరికలు చదవడం నా వృత్తిలో భాగం. ఒకసారి రాత్రంతా గంటకొకసారి హెచ్చరిక చదివినాను. తెల్లవారేసరికి తుఫాను దారి మార్చుకొని మరొక తీరానికి పోయినది. ఇంటికి వెళ్ళే దారిలో టీ కొట్టు దగ్గర తెలిసిన పెద్దమనిషి, “ఏమయ్యా, నీ తుఫాను ఏదీ?” అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. కాని బోస్టను రహదారి కథ చదివిన తరువాత ఆ నవ్వు నాకు మరొక విధంగా వినిపిస్తున్నది. తప్పిన హెచ్చరిక వల్ల మనకు పోయేది ఒక రాత్రి నిద్ర. నమ్మని హెచ్చరిక వల్ల పోయేది తిరిగి రాదు.

ఆ మాటే ఆ పెద్దమనిషికి చెప్పవలెనని ఉన్నది. ఈసారి హెచ్చరిక విన్నప్పుడు ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, ముందు కట్టెలు లోపల పెట్టించండి. నవ్వుకోవడానికి మరునాటి ఉదయం ఎట్లాగూ ఉంటుంది.