రేవు లేని రాజ్యము

ఆఫ్రికాలో మలావి యను పేద దేశము కలదు. దానికి సముద్రము లేదు. పొగాకు, తేయాకు, పంచదార అమ్ముకొని బ్రతుకు ఆ దేశపు సరకు ఓడ నెక్కవలెనన్న, పొరుగున మొజాంబిక్‌లోని నకాలా, బెయిరా రేవులే దగ్గర దారి. 1977 నుండి 1992 వరకు అక్కడ సాగిన అంతర్యుద్ధములో ఆ రైలుమార్గములు మూతపడగా, సరకు ఎక్కడో దక్షిణాఫ్రికాలోని దర్బన్‌కు చుట్టు తిరిగి పోవలసి వచ్చెను. తగవు పొరుగింటిది, బాడుగ మలావి రైతు నెత్తిన!

ఈ కష్టము తెలుగువారికి క్రొత్తది కాదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము మన దేశపు వాకిలి. 1611లో ఇంగ్లీషువారు అక్కడ కోఠీ పెట్టిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చి యుండిరి. మన అద్దకపు బట్టలు అక్కడినుండియే పారశీకమునకు, తూర్పు దీవులకు పోయెడివి. 1759లో ఇంగ్లీషువారు ఆ కోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనిరి. సలాబత్ జంగు పట్టణమును వారికే వ్రాసి యిచ్చెను. తక్కిన కోస్తా సర్కారులును పోయిన పిదప హైదరాబాదుకు సముద్రమే లేకపోయినది.

1802 నాటి వర్తకపు ఒడంబడికలో మచిలీపట్నపు రేవును వాడుకొను హక్కు నిజామునకు దొరికినది. అయితే హక్కు కాగితముపై నుండుట వేరు, రేవు తన చేతిలో నుండుట వేరు. ఆ కొరత ఎంతటిదనగా, 1947-48లో సైతము నిజాము ప్రభుత్వము గోవా రేవు కొరకు పోర్చుగీసువారితో మంతనములు సాగించెను. అవి ఫలింపలేదు.

బెంగుళూరుకును రేవు లేదు. అయినను మన చందాపుర మీదుగా చెన్నై రేవుకు పోవు లారీలు అత్తిబెలె వద్ద హద్దు దాటుచున్నవి. అక్కడ సరకుపై సుంకము వసూలు చేయువారు లేరు.