యశద లేపనము: ఓడల ఉక్కు పరికరములు

సముద్రజలమందలి లవణములు ఉక్కును శీఘ్రముగ త్రుప్పు పట్టించును గావున, ఓడల గొలుసులు, కొక్కెములు, బోల్టులు మొదలగువానిని ఆమ్లమున శుభ్రపఱచి, సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని కరగియున్న యశదమున ముంచి తీయుదురు. జనులు జింకనెడి ఈ లోహము నీటిని అడ్డుటయే గాక, పూత గీచుకొనిపోయిన చోటను తాను ముందుగ క్షయించి ఉక్కును కాపాడును. దీని ఘనత యంతయు ఈ ఆత్మాహుతియందే యున్నదనవచ్చును. 1837లో ఫ్రాన్సు దేశీయుడగు సొరెల్ ఈ విధానమునకు పేటెంటు పొందెను. నీటిలో మునిగియుండు ఓడ యడుగుభాగమునకు జింకు దిమ్మెలను బిగించుట వేఱొక పద్ధతి.

ఎట్టి పూత కావలెననునది చోటును బట్టి యుండును. తెలుగువారు పెక్కుమంది నివసించు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములకు కడలి దూరము. అచటి వాహన పరిశ్రమయందు బోల్టులకు విద్యుత్తుచే పట్టించు, సాధారణముగ 5 మొదలు 12 మైక్రాన్ల మందముండు జింకుపూత అట్టి మెట్టప్రాంతములకు చాలును. కాని 1948లో 'జల ఉష' యను ఓడ జలప్రవేశము చేసిన విశాఖపట్టణము వంటి తీరమున, ఓడల పైతట్టు పరికరములకు అది యెంతమాత్రము చాలదు.