భాగం 14: 1977 లోక్‌సభ ఎన్నికలు – సంస్కరణల ఆశలు, ఫలితాలు

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• 1977 ఎన్నికల ఫలితాలను, వాటిలోని ప్రాంతీయ తేడాలను వివరించగలుగుతారు.
• జనతా ప్రభుత్వం రాజ్యాంగంలో తెచ్చిన మార్పులను తెలుసుకుంటారు.
• సామాజిక సంస్కరణల ఆశలు వెంటనే ఎందుకు నెరవేరలేదో విశ్లేషించగలుగుతారు.
• ఆనాటి ప్రతిపాదనలు తరవాతి కాలంలో ఏ రూపంలో అమల్లోకి వచ్చాయో గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

కిందటి భాగంలో మీరు అత్యవసర పరిస్థితి గురించి చదివారు. దాన్ని ముగించిన ఎన్నికలను, ఆ ఎన్నికలు రేపిన ఆశలను ఈ భాగంలో పరిశీలిద్దాం. జనతా ప్రభుత్వం 28 నెలలకే కూలిపోయింది కాబట్టి దాన్ని ఒక విఫల ప్రయోగంగా రెండు వాక్యాల్లో తేల్చేయడం పరిపాటి. పరీక్ష పత్రాల్లోనూ ఇదే సమాధానం ఎక్కువగా కనిపిస్తుంది. అయితే చరిత్ర విద్యార్థి ముగింపును చూసి ఆరంభాన్ని కొలవకూడదు. 1977 మార్చిలో ఓటు వేసినవారికి 1979 జులైలో ఏం జరగబోతోందో తెలియదు. వారు ఏం కోరుకున్నారు, అందులో ఏది దక్కింది, ఏది దక్కలేదు, ఏది ఆలస్యంగా దక్కింది అని విడివిడిగా అడగాలి. ఈ భాగమంతా ఆ ప్రశ్నల చుట్టూ నడుస్తుంది.

14.2 ఎన్నికల నేపథ్యం

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. జూన్ 25 రాత్రి 'ఆంతరంగిక కల్లోలం' కారణంగా చూపి అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. పత్రికలపై సెన్సార్‌షిప్ వచ్చింది. మీసా, భారత రక్షణ నిబంధనల కింద లక్షమందికి పైగా జైళ్లపాలయ్యారు. అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకు వెళ్లే హక్కు కూడా ఆ కాలంలో పౌరుడికి లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించినవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. అదే ఏడాది 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచింది.

1976 మార్చిలో ముగియవలసిన లోక్‌సభను పొడిగిస్తూ వచ్చిన ఇందిరాగాంధీ, 1977 జనవరి 18న హఠాత్తుగా ఎన్నికలు ప్రకటించారు. అయిదు రోజుల్లోనే కాంగ్రెస్ (ఓ), భారతీయ జనసంఘ్, భారతీయ లోక్‌దళ్, సోషలిస్టు పార్టీలు జనతా పార్టీ పేరుతో ఏకమయ్యాయి. వాటిని ఒక్క తాటిమీదికి తెచ్చిన నైతిక శక్తి జయప్రకాశ్ నారాయణ్. ఫిబ్రవరి 2న సీనియర్ మంత్రి, దళిత నాయకుడు జగ్జీవన్ రామ్ కాంగ్రెస్‌ను వీడడంతో గాలి మళ్లింది.

14.3 ఫలితాలు: ఒక దేశం, రెండు తీర్పులు

పోలింగ్ మార్చి 16 నుంచి 20 వరకు జరిగింది. ఓటర్లలో దాదాపు 60 శాతం మంది ఓటు వేశారు. 542 స్థానాల్లో లోక్‌దళ్ గుర్తుపై పోటీ చేసిన జనతా అభ్యర్థులు 295 చోట్ల గెలిచారు. 1971లో 352 స్థానాలు సాధించిన కాంగ్రెస్ 154కు పడిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోని 85, బీహార్‌లోని 54 స్థానాల్లో దానికి ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. మార్చి 21న అత్యవసర పరిస్థితి ఎత్తివేశారు. 24న మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ప్రమాణం చేశారు.

ఇక మన ప్రాంతం సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. జనతా తరఫున నెగ్గినవారు నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే. ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు, అదే ఏడాది జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

అంటే తెలుగువారు అత్యవసర పరిస్థితిని సమర్థించారా? అంత సులభంగా ఆ నిర్ణయానికి రాకండి. ఉత్తరాదిన ప్రజల ఆగ్రహానికి ప్రధాన కారణం బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో నిర్బంధం ఉత్తరాది రాష్ట్రాల్లో తీవ్రంగా ఉంది. దక్షిణాదిలో అంతగా లేదు. పైగా జనతాలో చేరిన పార్టీలకు ఇక్కడి పల్లెల్లో కార్యకర్తల బలం తక్కువ. ఇళ్ల స్థలాలు, భూపరిమితి వంటి ఇరవై సూత్రాల కార్యక్రమంలోని హామీలపై పేదలకు నమ్మకం ఇంకా చెదరలేదు. మరోవైపు, 1975లో మెదక్ జిల్లా గిరాయిపల్లి ఎన్‌కౌంటర్‌తో సహా ఇక్కడి కాల్చివేతలపై వి.ఎం. తార్కుండే నాయకత్వంలోని కమిటీ విచారణ జరిపి 1977లో నివేదికలు వెలువరించింది. చీకటి ఇక్కడా ఉంది. అయితే అది అడవి అంచు గ్రామాలకు తెలిసినంతగా రాష్ట్రమంతటికీ తెలియలేదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1977లో ఉత్తర, దక్షిణ భారత ఫలితాల మధ్య తేడాకు మూడు కారణాలు రాయండి.

14.4 ఆశలు ఎన్ని రకాలు?

'జనతా ఆశలు' అని ఒకే మాటలో చెప్పుకుంటాం గాని, వాటిని మూడుగా విడదీస్తే విషయం స్పష్టమవుతుంది. మొదటిది, పోగొట్టుకున్న స్వేచ్ఛ తిరిగి రావాలి, మళ్లీ పోకుండా కట్టుదిట్టం జరగాలి. రెండోది, కులం, భూమి, పేదరికం విషయంలో సమాజం మారాలి. జయప్రకాశ్ చెప్పిన 'సంపూర్ణ విప్లవం' సారం ఇదే. మూడోది, పోలీసు, ఆకాశవాణి, స్థానిక పాలన, అవినీతి నిరోధం వంటి వ్యవస్థలు పాలకుల చెప్పుచేతల నుంచి బయటపడాలి. మార్చి 24న జనతా సభ్యులు రాజ్‌ఘాట్‌లో గాంధీ సమాధి ఎదుట ప్రతిజ్ఞ చేసినప్పుడు జనం ఈ మూడింటినీ కలిపే విన్నారు.

14.5 స్వేచ్ఛల పునరుద్ధరణ

మొదటి ఆశ చాలావరకు నెరవేరింది. సెన్సార్‌షిప్ పోయింది, మీసా చట్టం 1978లో రద్దయింది. అత్యవసర పరిస్థితి నాటి అధికార దుర్వినియోగంపై విచారించిన షా కమిషన్ 1978 ఆగస్టు నాటికి నివేదికలు పూర్తిచేసింది.

అన్నింటికంటే ముఖ్యమైనది 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ. దాని ప్రధానాంశాలు గుర్తుంచుకోండి.
• ప్రకరణ 352లో 'ఆంతరంగిక కల్లోలం' స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది.
• మంత్రివర్గం లిఖితపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. నెలలోపు పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం పొందాలి.
• 20, 21 ప్రకరణల కింది హక్కులను, అంటే జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయరాదు.
• లోక్‌సభ పదవీకాలం తిరిగి అయిదేళ్లయింది.
• ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి తొలగి 300ఏ ప్రకరణ కింద చట్టబద్ధ హక్కుగా మిగిలింది.

ఈ సవరణకు ఒక పరిమితి ఉంది. రాజ్యసభలో జనతాకు తగిన బలం లేదు కాబట్టి కాంగ్రెస్ సమ్మతి తప్పనిసరి అయింది. రాజ్యాంగ మౌలిక లక్షణాలను మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న ప్రతిపాదన అక్కడ వీగిపోయింది. మరొక సంగతి కొంతమందికే తెలుసు. నివారక నిర్బంధం గడువును తగ్గిస్తూ ప్రకరణ 22కు చేసిన మార్పును పార్లమెంటు ఆమోదించినా, ఏ ప్రభుత్వమూ దాన్ని అమల్లోకి తెస్తూ ప్రకటన జారీ చేయలేదు. చట్టం చేయడం వేరు, అమలు చేయడం వేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

14.6 సామాజిక మార్పు: బెల్చీ నుంచి మండల్ దాకా

జనతా పాలన మొదలై రెండు నెలలు గడిచాయి. మే 27న బీహార్‌లోని బెల్చీ గ్రామంలో భూస్వామ్య ముఠా 11 మందిని హతమార్చింది. చనిపోయినవారిలో ఎక్కువమంది దళిత వ్యవసాయ కూలీలు. ఓటమితో కుంగిపోయిన ఇందిరాగాంధీ ఆగస్టులో వరదనీటి మధ్య ఏనుగుపై ఆ ఊరికి వెళ్లి బాధితులను పలకరించారు. ఆమె రాజకీయ పునరుజ్జీవనం అక్కడే మొదలైందని చెబుతారు. మనం గమనించవలసింది మరొకటి ఉంది. ఢిల్లీలో స్వేచ్ఛ తిరిగి వచ్చిన నెలల్లోనే బెల్చీలో కూలీకి ప్రాణభద్రత లేకపోయింది. ఓటుతో మారింది ప్రభుత్వం. ఊళ్లో భూమి ఎవరి చేతిలో ఉందో, కూలి ఎవరు నిర్ణయిస్తారో మారలేదు.

ఇందుకు కారణం జనతా పునాదిలోనే ఉంది. చరణ్ సింగ్ నాయకత్వంలోని లోక్‌దళ్‌కు బలం భూమి ఉన్న మధ్యతరగతి రైతాంగం. ఈ వర్గం అగ్రకులాల ఆధిపత్యాన్ని ఎదిరించి పైకి వచ్చింది. కానీ కూలి పెంచమన్న దళితుడికి ఎదురుగా నిలిచిందీ చాలాచోట్ల ఇదే వర్గం. స్వేచ్ఛను పునరుద్ధరించినప్పుడు జనతా మద్దతుదారులకు నష్టం లేదు. భూమి, కూలి విషయంలో చేయి పెడితే నష్టపోయేది వారిలోనే కొందరు. మొదటి ఆశకు, రెండో ఆశకు మధ్య తేడా ఇక్కడుంది.

అయినా కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 1977లో పనికి ఆహార పథకం మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 2న రాజస్థాన్‌లో అట్టడుగు కుటుంబాలను ముందుగా ఎంపిక చేసే అంత్యోదయ పథకం ప్రారంభమైంది. 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది. 1978లో బీహార్ ముఖ్యమంత్రి కర్పూరీ ఠాకూర్ వెనుకబడిన, అత్యంత వెనుకబడిన తరగతులకు ప్రభుత్వోద్యోగాల్లో వేర్వేరుగా రిజర్వేషన్లు ప్రకటించారు. జనతా పార్టీలోనే తీవ్ర వ్యతిరేకత వచ్చి, 1979లో ఆయన పదవి పోయింది. 1979 జనవరిలో కేంద్రం బి.పి. మండల్ అధ్యక్షతన రెండో వెనుకబడిన తరగతుల కమిషన్‌ను నియమించింది. కమిషన్ 1980 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చేనాటికి దాన్ని నియమించిన ప్రభుత్వమే లేదు.

14.7 నివేదికల్లో దాగిన సంస్కరణలు

మూడో ఆశ కమిటీల రూపం తీసుకుంది. ఆకాశవాణి, దూరదర్శన్ స్వయంప్రతిపత్తిపై బి.జి. వర్ఘీస్ కమిటీ, పోలీసు సంస్కరణలపై ధర్మవీర కమిషన్, పంచాయతీరాజ్‌పై అశోక్ మెహతా కమిటీ 1977లోనే ఏర్పడ్డాయి. అదే ఏడాది ప్రవేశపెట్టిన లోక్‌పాల్ బిల్లు 1979లో లోక్‌సభతో పాటే రద్దయింది.

వీటిలో అశోక్ మెహతా కమిటీ కథ మనకు దగ్గరిది. 1978 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ కమిటీ మూడంచెల విధానం బదులు జిల్లా పరిషత్తు, మండల పంచాయతీ అనే రెండంచెలను సిఫారసు చేసింది. కేంద్రంలో అది అటకెక్కింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986 చట్టంతో పంచాయతీ సమితుల స్థానంలో మండల ప్రజాపరిషత్తులను తెచ్చినప్పుడు, ప్రజలకు అందుబాటులో చిన్న యూనిట్ ఉండాలన్న ఆ ఆలోచన మన రాష్ట్రంలో ఆచరణకు వచ్చింది. కాంగ్రెస్‌కు 41 స్థానాలిచ్చి జనతాను తిరస్కరించిన ప్రాంతంలోనే జనతా నాటి ఆలోచన వేళ్లూనడం చరిత్రలో ఒక విచిత్రం.

మిగిలినవీ ఇలాగే ఆలస్యంగా తేలాయి. మండల్ సిఫారసుల అమలు 1990లో ప్రకటించారు. 1992లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రసారభారతి చట్టం 1990లో, లోక్‌పాల్ చట్టం 2013లో వచ్చాయి. పోలీసు సంస్కరణలపై సుప్రీంకోర్టు 2006లో ఆదేశాలిచ్చింది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
'కమిటీ నివేదిక వృథా కాదు' అన్న అభిప్రాయాన్ని ఒక ఉదాహరణతో చర్చించండి.

14.8 పతనం

పార్టీలు కలిశాయి గాని, నాయకులు కలవలేదు. మొరార్జీ, చరణ్ సింగ్, జగ్జీవన్ రామ్ ముగ్గురూ ప్రధాని పదవిని ఆశించినవారే. పూర్వ జనసంఘ్ సభ్యులు రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌లో కొనసాగవచ్చా అన్న 'ద్వంద్వ సభ్యత్వ' వివాదం చీలికను ముదిర్చింది. మరో తప్పు కూడా ఉంది. 1977 ఏప్రిల్‌లో కాంగ్రెస్ పాలనలో ఉన్న తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను గడువుకు ముందే రద్దు చేయించారు. అధికార దుర్వినియోగాన్ని నిందించి గెలిచినవారు ఇలా చేయడం వారి నైతిక బలాన్ని తగ్గించింది.

1979 జులై 15న మొరార్జీ రాజీనామా చేశారు. జులై 28న ప్రధాని అయిన చరణ్ సింగ్ పార్లమెంటును ఎదుర్కోకుండానే ఆగస్టు 20న తప్పుకొన్నారు. రాష్ట్రపతి సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. అక్టోబర్ 8న జయప్రకాశ్ కన్నుమూశారు. 1980 జనవరి ఎన్నికల్లో కాంగ్రెస్ (ఐ) 353 స్థానాలతో తిరిగి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1978 శాసనసభ ఎన్నికల్లోనే అది 294లో 175 స్థానాలు గెలిచి ఈ మార్పును సూచించింది.

14.9 మదింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వద్దాం. రాజ్యాంగంలోకి ఎక్కిన ఆశ నిలిచింది. 1980లో తిరిగి వచ్చిన ప్రభుత్వం కూడా 44వ సవరణను తొలగించలేదు. నాయకుల ఐక్యతపై ఆధారపడిన ఆశ వారితోనే కూలింది. నివేదికల్లో మిగిలిన ఆశను తరవాత ఎవరో ఒకరు, ఉద్యమమో, రాష్ట్ర ప్రభుత్వమో, న్యాయస్థానమో, బయటికి తీయవలసి వచ్చింది. ఎవరూ పట్టించుకోనిచోట అది ఇంకా కాగితంగానే ఉంది.

మీరు ఓటరు కూడా. కాబట్టి ఈ పాఠం పరీక్షతో ముగిసేది కాదు. ఇకమీదట ఏ ఎన్నిక తరవాతనైనా ఒక హామీ విన్నప్పుడు, అది చట్టంగా మారుతుందా, దాని అమలుతో ఎవరికి నష్టం, వారు అధికారంలో ఉన్నవారి మద్దతుదారులేనా అని అడగండి. బెల్చీ మనకు నేర్పిన ప్రశ్నలివి.

చేయదగిన పని: 1977లో ఓటు వేసినవారు మీ ఊళ్లో ఉంటే కలవండి. అప్పుడు ఓటు హక్కు 21 ఏళ్లకు వచ్చేది. వారు ఎవరికి వేశారని కాకుండా, ఏం ఆశించారని అడిగి రాసుకోండి.

14.10 సారాంశం

1977 ఎన్నికలు కేంద్రంలో తొలిసారి కాంగ్రెసేతర ప్రభుత్వాన్ని తెచ్చాయి. పౌర స్వేచ్ఛలకు 44వ సవరణ రక్షణ కల్పించింది. పార్టీ సామాజిక పునాది, నాయకుల కలహాల వల్ల సామాజిక సంస్కరణలు కుంటుపడ్డాయి. వ్యవస్థాగత సంస్కరణల ప్రతిపాదనలు దశాబ్దాల తరవాత పాక్షికంగా అమలయ్యాయి.

14.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. జనతా ప్రభుత్వం 'విఫల ప్రయోగం' అన్న అభిప్రాయాన్ని పరిశీలించండి.
2. 44వ రాజ్యాంగ సవరణ ప్రాముఖ్యాన్ని, పరిమితులను వివరించండి.

II. 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బెల్చీ ఘటన జనతా పాలన గురించి ఏం తెలియజేస్తుంది?
2. అశోక్ మెహతా కమిటీకి, మండల వ్యవస్థకు ఉన్న సంబంధం ఏమిటి?