ఉమ్మడి గ్రంథము - అనుమతి మార్పు

శ్రీకాకుళము చెంత ప్రవహించు నాగావళిని గూర్చి తెలుగు వికీపీడియాలో వ్యాసము కలదు. ఇట్టి వ్యాసమును ఒక్కరే వ్రాయనక్కరలేదు. ఒకరు ఒడిశాలోని జన్మస్థానమును, ఒకరు సువర్ణముఖి, వేగవతి అను ఉపనదులను, వేరొకరు నారాయణపురము ఆనకట్టను వర్ణింపవచ్చును. అప్పుడు ఆ వ్యాసము ఎవరిది?

1957 నాటి భారత కాపీరైటు చట్టము ననుసరించి రచనపై హక్కు మొదట రచయితదే. ఆ హక్కు అతని జీవితకాలమును, మరణానంతరము 60 ఏండ్లును ఉండును. లైసెన్సు అనగా ఇతరులకు అతడిచ్చు అనుమతి మాత్రమే. ఉమ్మడి పొలమునంతను అన్నదమ్ములలో ఒక్కడే అమ్మజాలడు. అట్లే పలువురిచ్చిన అనుమతిని ఒక్కరు మార్చజాలరు.

2001లో వికీపీడియా పుట్టినపుడు, సాఫ్టువేరు కరదీపికలకై 2000లో వెలువడిన గ్నూ లైసెన్సును స్వీకరించిరి. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాకును అదియే వర్తించెను. ఇందొక చిక్కు కలదు. విజయనగరములోని ఉపాధ్యాయుడు నాగావళి వ్యాసమును ఒక పుట అచ్చొత్తి పంచవలెనన్న, అనేక పుటల లైసెన్సును కూడ జతపరుపవలెను. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఈ భారము లేదు.

కాని రచయితలందరి సమ్మతి పొందుట యెట్లు? మారుపేర్లతో వ్రాసినవారు, పేరే యీయనివారు అందు పెక్కురు. పాత లైసెన్సులోని ఒక మాట దారి చూపినది: రచయితలు దాని "తరువాతి కూర్పు"లకును ముందే సమ్మతించియుండిరి. 2008 నవంబరులో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ 1.3వ కూర్పును వెలువరించి, 2009 ఆగస్టు 1 లోపల మారుటకు వీలు కల్పించెను. చట్టము ఒప్పినను నిర్వాహకులు అంతతో తృప్తి చెందలేదు. వ్రాసినవారి అభిప్రాయము నడిగిరి. 17 వేలకు పైగా ఓట్లు రాగా, నాలుగింట మూడువంతులు అనుకూలము. 2009 జూన్ 15న మార్పు అమలైనది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటమునకు ఇంత సులభమార్గము దొరకలేదు. దత్తాంశములకు తగిన క్రొత్త లైసెన్సుకై ప్రతి సభ్యుని సమ్మతి కోరిరి. కాదన్నవారి, బదులీయనివారి గీతలను 2012 జూలైలో తొలగించిరి. ఆస్ట్రేలియా, పోలెండు పటములలో కొన్ని దారులు మాయమై, మరల గీయవలసివచ్చెను. సెప్టెంబరు 12న క్రొత్త లైసెన్సు అమలులోనికి వచ్చెను.

మౌనము అర్ధాంగీకారమను సామెత ఇచట చెల్లదు. పాఠశాలలో విద్యార్థులు కలిసి గ్రామచరిత్రను గాని, మాండలిక పదకోశమును గాని కూర్చునపుడు, మొదటి పుట వ్రాయకముందే షరతులను వ్రాసికొనుట మేలు.