పప్పు ఉడికేలోగా ఒక మొహం

మా నూకాలమ్మ జాతరలో సన్నాయి ఊదే ఆయన్ని చూసొచ్చి బొమ్మ గీశాను. ఉబ్బిన బుగ్గలు కుదిరాయి గానీ, వేళ్లు కుదరలేదు. అయినా రోజూ పప్పు ఉడికేలోగా ఒక మొహమైనా గీయాలని పెట్టుకున్నాను లెండి.

రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. 28 ఏళ్లు కూడా నిండలేదు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివొచ్చిన ఆయన గీసిన పెన్సిల్ బొమ్మలు, పెద్ద చిత్రాలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలో ఉన్నాయి.

ఆ ఇంట్లో భార్య సత్యవాణి గారు, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. డిగ్రీలో తెలుగు చదివిన నాకే ఆ ఇద్దరి పేర్లు నలభై దాటాక తెలిశాయి!

ఇవాళ చిక్కుళ్లు ఒలుస్తున్న మా అత్తగారిని గీస్తున్నాను. ఆవిడ కదలకుండా కూర్చుంటేగా!