ఆసుపత్రి వ్యర్థాల నమోదు: ఒకే షరతు, అనేక ఎంట్రీలు

దేశంలో ఆసుపత్రి వ్యర్థాలకు 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలే ఆధారం. వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరుచేయాలి. సంచులకు బార్‌కోడ్ ఉండాలి. శుద్ధి చేయని శరీర భాగాలు, రక్తం అంటిన దూది వంటివాటిని సాధారణంగా 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు.

నమోదు సాఫ్ట్‌వేర్‌లో ‘సూదులైతే తెలుపు డబ్బా’, ‘48 గంటలు దాటితే హెచ్చరిక’ వంటి షరతులను ఒకసారి పేరుపెట్టి భద్రపరిస్తే, అన్ని వార్డుల ఎంట్రీలకూ వాడుకోవచ్చు. నిబంధన మారినప్పుడు ఒక్కచోట సవరిస్తే సరిపోతుంది. అయితే ఆ షరతు ఎక్కడెక్కడ వాడుకలో ఉందో చూశాకే మార్చాలి. పాత ఎంట్రీలకు అప్పటి షరతునే ఉంచాలి.

షరతు తప్పయితే ఆ తప్పు అన్ని వార్డులకూ పాకుతుంది. తప్పుడు సంచిలో పడిన సూది గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికులకే.