క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలు: ఏది ఎవరిది, పోటీకి రూల్స్ ఏంటి?

కాలేజీల్లో కనిపించే పెద్ద విద్యార్థి సంఘాల వెనుక సాధారణంగా ఒక పార్టీయో, సంస్థో ఉంటుంది. ఏఐఎస్‌ఎఫ్ (1936) సీపీఐకి, ఎస్‌ఎఫ్‌ఐ (1970) సీపీఎంకు, ఎన్‌ఎస్‌యూఐ (1971) కాంగ్రెస్‌కు చెందినవి. ఏబీవీపీ (1949) ఆరెస్సెస్ అనుబంధం. ఎస్‌ఐఓ (1982) జమాతే ఇస్లామీ హింద్ విద్యార్థి విభాగం.

స్టూడెంట్స్ యూనియన్ వేరు. దాన్ని విద్యార్థులే ఓట్లేసి ఎన్నుకుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ ఎన్నికలున్నాయి. సంఘాలు అభ్యర్థులను నిలబెడతాయి.

2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ నిబంధనల ప్రకారం అభ్యర్థికి కనీసం 75 శాతం హాజరుండాలి. ఆ ఏడాది బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. క్రిమినల్ కేసులో విచారణ జరిగినా, యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య తీసుకున్నా పోటీకి అర్హత పోతుంది.

పిల్లలు సంఘంలో చేరతామంటే అమ్మీ, అబ్బా వెంటనే వద్దనక్కర్లేదు. ఏ సంఘం, వెనుక ఎవరున్నారు, ధర్నాకు పర్మిషన్ ఉందా? ఈ మూడూ అడిగి తెలుసుకోండి.